అడగాల్సింది వయసు, అడ్రసు కాదు

విజయవాడలోనో, గుడివాడలోనో, బందరులోనో పిల్లల హాకీ టోర్నమెంటు పెడదామని నలుగురు పెద్దలు కూర్చుంటే చాలు, ఒక మాట తప్పకుండా వస్తుంది. "తెలంగాణ జట్లను పిలవొద్దు. మన పిల్లల కోసం పెట్టుకుంటున్న టోర్నీ, మన పిల్లలే ఆడాలి." చందా ఇచ్చిన వ్యాపారి తల ఊపుతాడు. కార్పొరేటర్ ఔనంటాడు. బళ్లలో ఆటలు నేర్పే పీఈటీ సార్లలో కూడా చాలామంది ఈ మాటకే ఓటేస్తారు. కబడ్డీ, వాలీబాల్ నిర్వాహకుల దగ్గరా ఇదే పాట. వినడానికి న్యాయంగా, పిల్లల మీద ప్రేమతో అన్నట్టుగా ఉంటుంది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు. నేను చెబుతున్నాను. ఇది తప్పుడు వాదన. దీనివల్ల ముందుగా నష్టపోయేది కృష్ణా డెల్టా పిల్లలే.

మొదట ఒక చిక్కుముడి విప్పాలి. ఈ వాదన చేసేవాళ్లు రెండు వేర్వేరు సంగతులను ఒకే మూటలో కడుతున్నారు. రాష్ట్ర జట్టు ఎంపిక ఒకటి, ఆహ్వాన టోర్నీ మరొకటి. జాతీయ సబ్ జూనియర్ పోటీలకు వెళ్లే ఆంధ్రప్రదేశ్ జట్టులో ఆంధ్రప్రదేశ్ పిల్లలే ఉండాలి. అందులో నాకు ఏ భేదాభిప్రాయమూ లేదు. అక్కడ ఒక్కో స్థానం వెనుక ఒక సర్టిఫికెట్ ఉంటుంది, ఆ సర్టిఫికెట్ వెనుక స్పోర్ట్స్ కోటాలో కాలేజీ సీటో, ఉద్యోగమో ఉంటుంది. ఒక చోట పుట్టి పెరిగి, కోటా కోసం ఇంకో రాష్ట్రం తరఫున ఎంపికకు వచ్చేవాణ్ణి ఆపాల్సిందే. హాకీ ఇండియా ప్రతి క్రీడాకారుడికీ గుర్తింపు సంఖ్య ఇస్తున్నదీ, ఒక యూనిట్ నుంచి ఇంకో యూనిట్‌కు మారాలంటే నిరభ్యంతర పత్రం అడుగుతున్నదీ అందుకే. ఆ కట్టుబాటు సబబైనదే.

కానీ సంక్రాంతి సెలవుల్లో ఒక క్లబ్బో, పూర్వవిద్యార్థుల సంఘమో మూడు రోజులు పెట్టే ఆహ్వాన టోర్నీలో ఎంపిక ఎక్కడుంది? అక్కడ ఇచ్చే కాగితం చూసి ఎవరూ మెడికల్ సీటు ఇవ్వరు, టీచరు ఉద్యోగమూ ఇవ్వరు. కోటాకు పనికొచ్చేవి గుర్తింపు పొందిన సంఘాల పోటీలు, అంతర విశ్వవిద్యాలయ పోటీలు, స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు. ఎంపికలకు పెట్టుకున్న కట్టుబాటును తెచ్చి ఆటకు తగిలిస్తే మిగిలేది తాళం వేసిన గేటు ఒక్కటే. తెలంగాణలోని మధిర నుంచి వచ్చిన పన్నెండేళ్ల పిల్ల విజయవాడలో మూడు మ్యాచ్‌లు ఆడి వెళ్లిపోతే, ఆంధ్రప్రదేశ్ పిల్లల చేతి నుంచి జారిపోయిన అవకాశం ఏమిటో ఎవరైనా చూపించగలరా?

"రాష్ట్రం వేరైంది కదా, ఆట కూడా వేరు కావద్దా?" అనేవాళ్లు చరిత్రను సగమే చదువుకున్నారు. మన దగ్గర ఆట సరిహద్దు, ప్రభుత్వం సరిహద్దు ఏనాడూ ఒకటి కాదు. 1956 నుంచి 2014 దాకా మనం ఒకే రాష్ట్రంలో ఉన్నాం. అయినా రంజీ ట్రోఫీలో ఆంధ్ర వేరే జట్టు, హైదరాబాద్ వేరే జట్టు. హాకీలోనూ హైదరాబాద్ తన జట్టును విడిగా దింపేది. ఒక్క ముఖ్యమంత్రి, ఒక్క అసెంబ్లీ, రెండు జట్లు! ఇప్పటికీ ఒక్క మహారాష్ట్రలో ముంబై, విదర్భ, మహారాష్ట్ర అని మూడు రంజీ జట్లున్నాయి. గుజరాత్‌లో గుజరాత్, బరోడా, సౌరాష్ట్ర. ఒక్కటిగా ఉన్నప్పుడే వేరువేరుగా ఆడుకున్నవాళ్లం, వేరుపడ్డాక కలిసి ఆడుకోవడానికి అడ్డేమిటి?

ఇంకా వెనక్కి వెళ్దాం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, ఆ సీజన్‌లోనే ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ బరిలో దిగింది. కెప్టెన్ ఎవరు? సి.కె.నాయుడు. పూర్వీకులది బందరే అయినా ఆయన పుట్టింది నాగపూర్‌లో, పేరు తెచ్చుకున్నది హోల్కర్ జట్టుతో ఇండోర్‌లో. 1932లో లార్డ్స్‌లో భారత్ ఆడిన మొదటి టెస్టుకు కెప్టెన్ ఆయనే. ఆంధ్రకు ఆడాక, అరవై దాటిన వయసులో ఉత్తరప్రదేశ్ జట్టును కూడా నడిపించాడు. ఆ రోజు ఆంధ్ర క్రికెట్ పెద్దలు "నీ చిరునామా ఏది నాయుడుగారూ?" అని అడిగి ఉంటే మన జట్టు తొలి అడుగు ఎలా పడేది? ఈ రోజు 23 ఏళ్లలోపు కుర్రాళ్లు ఆడే జాతీయ టోర్నీకి పెట్టింది ఆయన పేరే. యువకుల క్రికెట్‌కు ఊరూ వాడా చూడకుండా ఆడిన మనిషి పేరు పెట్టుకున్న దేశం ఇది.

ఇక మన ఊళ్లోనే నమోదు బల్ల దగ్గర ఏం జరుగుతుందో చూడండి. టోర్నీ మొదటి రోజు పొద్దున్నే షామియానా కింద ఒక బల్ల, ఆధార్ జిరాక్సులు, హెడ్‌మాస్టర్ సంతకం, స్టాంపు ఉన్న బోనఫైడ్ సర్టిఫికెట్లు. వరుసలో నిలబడ్డ పిల్లవాడు విజయవాడ బడి జెర్సీలోనే ఉన్నాడు.

"ఏ ఊరు బాబూ?"

"కోదాడ సార్. ఇక్కడ హాస్టల్లో ఉంటాను."

"ఆధార్‌లో సూర్యాపేట జిల్లా అని ఉందే! పక్కకు నిలబడు."

ఆ పక్కకు నిలబడిన పిల్లవాడి ముఖం చూసినవాళ్లెవరూ "మన పిల్లల కోసమే" అన్న మాటను మళ్లీ అంత తేలిగ్గా అనలేరు. విజయవాడ చదువుల ఊరు. ఇక్కడి హాస్టళ్లలో ఖమ్మం, నల్గొండ, సూర్యాపేట పిల్లలు వేలల్లో ఉన్నారు. వాళ్ల ఫీజులతో ఈ ఊళ్లో బళ్లు, కాలేజీలు, మెస్సులు, పుస్తకాల షాపులు నడుస్తున్నాయి. ఫీజు కట్టేటప్పుడు మనవాడు, స్టిక్కు పట్టుకునేటప్పుడు పరాయివాడా? సత్యనారాయణపురం రైల్వే కాలనీ సంగతి చూడండి. తండ్రికి కాజీపేట నుంచి బదిలీ అయితే పిల్లవాడు జూన్‌లో ఇక్కడి బళ్లో చేరతాడు. వాడు ఎవరి పిల్లవాడు? సీబీఎస్ఈ బళ్ల సంగతైతే ఇంకా వేరు. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్‌లో సీబీఎస్ఈకి రాష్ట్రాలతో నిమిత్తం లేని సొంత జట్టే ఉంది. కేంద్రీయ విద్యాలయాలకూ, నవోదయ విద్యాలయాలకూ అంతే. అధికారిక పోటీలే రాష్ట్రం గీతను ఇన్ని చోట్ల దాటిపోతుంటే, పండక్కి పెట్టుకునే టోర్నీకి ఆ గీత ఇనుప కంచె ఎందుకవ్వాలి?

ఆ గీత కూడా ఎంత కదిలిందో మనకు తెలుసు. 2014లో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను పోలవరం కోసం ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణాన్ని తెలంగాణలో ఉంచి, దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాకను ఇవతలికి తెచ్చారు. ఎటపాక పిల్లలకు బజారు, ఆసుపత్రి, బస్టాండు భద్రాచలంలో, రాష్ట్రం మాత్రం మనది. ఆ గిరిజన పిల్లల జట్టును భద్రాచలం టోర్నీలో ఆడనివ్వకపోతే వాళ్లు ఎక్కడికి పోవాలి? 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడు, కైకలూరు ఏలూరు జిల్లాలోకి పోయాయి. అంతకుముందు దాకా కృష్ణా జిల్లా జట్టుకు ఆడిన పిల్లలు తెల్లారేసరికి వేరే జిల్లావాళ్లయ్యారు. గెజిట్‌లో అచ్చయిన వాక్యానికి పిల్లవాడి డ్రిబ్లింగ్ మారదు, పక్క ఊరి మైదానం దూరమూ మారదు.

దూరం మాటకొస్తే, మధిర నుంచి విజయవాడకు ఎర్రుపాలెం, కొండపల్లి మీదుగా రైలులో గంట ప్రయాణం. బందరు అంతకంటే దూరం. ఇచ్ఛాపురం నుంచి రావాలంటే ఐదు వందల కిలోమీటర్లకు పైనే. అయినా మన నిర్వాహకుల లెక్కలో ఇచ్ఛాపురం జట్టు లోపలిది, మధిర జట్టు బయటిది. పిల్లలను రాత్రి రైలెక్కించి, నిద్ర లేకుండా తెచ్చి ఆడించడం కన్నా, పొద్దున బయల్దేరి సాయంత్రానికి ఇల్లు చేరే జట్టును పిలవడం మేలని ఏ తల్లినడిగినా చెబుతుంది.

మన ప్రాంతంలోనే ఈ విషయంలో చక్కటి దారి చూపించిన పోటీ ఒకటుంది. అది ఎడ్ల బండలాగుడు. సంక్రాంతికీ, తిరునాళ్లకూ కృష్ణా, గుంటూరు పల్లెల్లో జరిగే ఈ పోటీలకు సూర్యాపేట, నల్గొండ వైపు నుంచి కూడా ఎడ్లజతలను లారీల్లో తెస్తారు. జత ఏ రాష్ట్రానిదని ఎవరూ అడ్డుకోరు. పైగా ఫలానా రైతు జత వస్తోందంటే జనం రెట్టింపు వస్తారు. కానీ ఒక్క విషయంలో మాత్రం రాజీ ఉండదు. ఎద్దు నోరు తెరిచి పళ్లు చూస్తారు. పాలపళ్ల విభాగం, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు. వయసు తేడా ఉంటే పోటీ పోటీ కాదని మన రైతులకు తెలుసు. ఎక్కడ కట్టుదిట్టంగా ఉండాలో, ఎక్కడ గేటు తెరవాలో వాళ్లకు ఉన్న స్పష్టత పిల్లల టోర్నీలు పెట్టే చదువుకున్న పెద్దలకు లేకపోవడం నాకు బాధగా ఉంది.

ఎందుకంటే పిల్లల ఆటలను తినేస్తున్న అసలు చీడ వయసు మోసం. పద్నాలుగేళ్లలోపు మ్యాచ్‌లో నూనూగు మీసాలవాడు సెంటర్ ఫార్వర్డ్‌గా ఉంటాడు. వాడి ఎదుట నిజంగా పదమూడేళ్లున్న పిల్లవాడు స్టిక్కు అడ్డం పెట్టడానికే భయపడతాడు. ఆ ఏడాది తర్వాత ఆటే మానేస్తాడు. దేశమంతా ఉన్న జబ్బు ఇది. క్రికెట్ బోర్డు 16 ఏళ్లలోపు కుర్రాళ్ల మణికట్టుకు ఎక్స్‌రే తీసి, టీడబ్ల్యూ3 పద్ధతిలో ఎముకల వయసు లెక్కగట్టాల్సి వస్తోంది. కేంద్ర క్రీడల శాఖ వయసు మోసాల మీద ప్రత్యేకంగా జాతీయ నియమావళే తెచ్చింది. మన నమోదు బల్ల దగ్గర మాత్రం ఆధార్‌లో పుట్టిన తేదీ కన్నా ముందు చిరునామా చదువుతున్నారు. కోదాడ పిల్లవాణ్ణి పక్కకు నిలబెట్టిన ఆ వేలు, రెండేళ్లు తగ్గించి రాయించుకున్న సొంత ఊరివాణ్ణి లోపలికి పంపుతోంది.

ఇప్పుడు ఆటలోకి వద్దాం, నా వాదన ప్రాణమంతా అక్కడే ఉంది. పెనాల్టీ కార్నర్ వచ్చిందనుకోండి. గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురు డిఫెండర్లు గోల్ లైన్ వెనుక నిలబడతారు. అవతలి కుర్రాడు బ్యాక్‌లైన్ నుంచి బంతిని పుష్ చేస్తాడు. బంతి డి, అంటే గోల్ ముందున్న అర్ధవృత్తం, దాటి బయటికి వెళ్లాలి, అప్పుడే గోల్‌కు కొట్టాలి. ఈలోగా మన రషర్, అంటే అడ్డుకోవడానికి ముందుకు పరుగెత్తే డిఫెండర్, దూసుకెళ్లాలి. అంతా కలిపి రెండు మూడు క్షణాల పని. ఎప్పుడూ అవే నాలుగు బళ్లతో ఆడే జట్టులో రషర్‌కు పక్క బడి పుషర్ అలవాటైపోయాడు. వాడి ఎడమ భుజం వంగితే బంతి ఎటు పోతుందో చూడకుండానే తెలుసు. అందుకే ఒక అడుగు ముందే పరుగు అందుకుంటాడు, బంతిని ఆపేస్తాడు, చప్పట్లు కొట్టించుకుంటాడు. తను గొప్ప రషర్‌నని నమ్ముతాడు. మనమూ నమ్ముతాం. అదే కుర్రాడు రాష్ట్ర జట్టులో జాతీయ పోటీలకు వెళ్తే, అక్కడ ఝార్ఖండ్ పుషర్ భుజం వంచకుండానే బంతి వదులుతాడు. మనవాడు రెండడుగులు వేసేలోపు బంతి గోల్‌లో పడి పలక మోగుతుంది.

ఈ పాఠం ముందే నేర్పడానికి విజయవాడలో ఎవరున్నారు? తెలియని జట్టే ఉండాలి. కొత్త జట్టు మైదానంలోకి దిగితే మొదటి పది నిమిషాలు మన పిల్లలు తడబడతారు. వాళ్ల రైట్ వింగ్ ఎంత వేగమో తెలియదు, వాళ్ల ఫుల్‌బ్యాక్ ఏ పక్కకు తిరుగుతాడో తెలియదు. ఆ తడబాటులోనే కళ్లు తెరిచి చూడటం నేర్చుకుంటారు. రెండో సగానికి ఎవరో ఒకడు కనిపెడతాడు, పక్కవాడికి అరిచి చెబుతాడు. కోచ్ నెల రోజులు కోన్లు పెట్టి చేయించిన కసరత్తుకు రాని తెలివి ఆ అరగంటలో వస్తుంది. తెలంగాణ జట్లను ఆపడం ద్వారా మనం ఆపుతున్నది ఈ చదువును. మన పిల్లలకు కప్పులు మిగులుతున్నాయి, ఆట మిగలడం లేదు.

చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన గోల్‌కీపర్ రజని ఎతిమరపు 2016 రియో ఒలింపిక్స్‌కు భారత మహిళల జట్టులో రిజర్వు గోల్‌కీపర్‌గా ఎంపికైంది. ఆమె ఉద్యోగం రైల్వేలో, జాతీయ పోటీల్లో ఆడింది రైల్వే జట్టుకు. ఆ జట్టులో దేశంలోని అన్ని మూలల అమ్మాయిలూ ఉంటారు, రోజూ ఎదుట నిలబడి షాట్లు కొట్టేది వాళ్లే. ఒలింపిక్స్‌కు పోయిన దారి అది. జాతీయ శిబిరం చేరాక మాత్రమే పిల్లలకు కొత్త ముఖాలు ఎదురవ్వాలని ఏ శాస్త్రంలో ఉంది?

"ప్రైజ్ మనీ ఎత్తుకుపోతారు" అన్నది మరో అభ్యంతరం. నిజమే, పోటీ అన్నాక ఎవరో ఒకరు గెలుస్తారు. అంత బాధగా ఉంటే నగదు తగ్గించండి, ఆ డబ్బుతో ఆడిన ప్రతి జట్టుకూ రెండు బంతులు, ఒక జత గోల్‌కీపర్ ప్యాడ్లు ఇవ్వండి. హాకీలో గోల్‌కీపర్ సామగ్రే అన్నిటికన్నా ఖరీదు, ప్రభుత్వ బళ్లు కొనలేనిదీ అదే. పిల్లల ఆటలో నగదు బహుమతి పెరిగిన కొద్దీ పెద్దల జోక్యం పెరుగుతుంది. ఇంకో చేదు నిజం కూడా చెప్పాలి. బయటి జట్లు వద్దని గట్టిగా అరిచే కొందరు నిర్వాహకులే తమ ఊరి జట్టులోకి బయటి నుంచి ఇద్దరు ముగ్గురు ఆటగాళ్లను డబ్బిచ్చి తెచ్చుకుంటారు. కబడ్డీలో ఇది బహిరంగ రహస్యం. బయటి జట్టు తన పేరుతో తాను వస్తే తప్పు, బయటి ఆటగాడు దొంగ పేరుతో మన జెర్సీ వేసుకుంటే ఒప్పు అనే పద్ధతిని పిల్లల ముందు ఎలా నిలబెడతాం? వాళ్లు అన్నీ చూస్తూనే ఉంటారు.

"వాళ్లు మనల్ని పిలవడం లేదు, మనమెందుకు పిలవాలి?" అంటారు. దీని వెనుక ఉన్నది ఆట కాదు, పెద్దల తగాదా. 2023 నవంబర్ చివరన నాగార్జునసాగర్ డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. నీళ్ల పంచాయితీ ట్రిబ్యునళ్లలో, బోర్డుల్లో, సుప్రీంకోర్టులో నడుస్తోంది. అక్కడ మన వాటా కోసం గట్టిగా కొట్లాడాలి, నేనూ ఆ పక్షమే. పద్నాలుగేళ్లలోపు జట్టులో ఆడే పిల్లలు రాష్ట్రం విడిపోయేనాటికి పుట్టనైనా లేదు, లేదా ఊయలలో ఉన్నారు. మనం కట్టుకున్న కక్షను వాళ్ల భుజాలకు ఎత్తడం పెద్దరికం అనిపించుకోదు. ఎవరో ఒకరు ముందుగా పిలవాలి. అతిథికి పెట్టడంలో పేరున్న కృష్ణా జిల్లా ముందుగా పిలిస్తే మన గౌరవం తగ్గదు, పెరుగుతుంది.

దేశాల సరిహద్దు విషయంలోనే మన సైన్యం ఇంతకంటే విశాలంగా ఉంది. ఢిల్లీలో జరిగే సుబ్రతో కప్ బడి పిల్లల ఫుట్‌బాల్ టోర్నీ, 1960లో మొదలైంది, నడిపేది భారత వైమానిక దళం. ఆ టోర్నీకి విదేశీ బడి జట్లను పిలుస్తారు. బంగ్లాదేశ్ జాతీయ క్రీడా శిక్షణ సంస్థ బీకేఎస్‌పీ పిల్లలు వచ్చి ఆడారు, కప్పు కూడా గెలిచారు. దేశ సరిహద్దును కాపలా కాసేవాళ్లే పొరుగు దేశం పిల్లలను ఆడనిస్తుంటే, గరికపాడు చెక్‌పోస్టు అవతలి తెలుగు పిల్లలను మనం ఆపుతున్నాం.

పతకం వచ్చినప్పుడు మనకు సరిహద్దు గుర్తుండదన్నదీ నిజమే. 2016లో పి.వి.సింధు రియోలో వెండి పతకం గెలిచి వస్తే, హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన ఆ అమ్మాయికి విజయవాడలో బ్రహ్మరథం పట్టాం. తెలంగాణ ఐదు కోట్లు ఇచ్చింది, ఆంధ్రప్రదేశ్ మూడు కోట్లు, అమరావతిలో స్థలం, డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. మంచి పనే, నేనూ సంతోషించాను. గుంటూరు కుర్రాడు కిదాంబి శ్రీకాంత్ రాటుదేలింది కూడా హైదరాబాద్‌లోని గోపీచంద్ అకాడమీలోనే. ఆ అకాడమీ గేటు దగ్గర "గుంటూరువాడివి నువ్వు, పక్కకు నిలబడు" అని ఎవరైనా అని ఉంటే? అకాడమీ పెట్టిన గోపీచంద్‌ది కూడా అప్పటి ప్రకాశం జిల్లానే. గెలిచి వచ్చినవాళ్లను ఇద్దరమూ మావాళ్లే అనుకుంటాం కదా, నేర్చుకునే వయసులో ఉన్నవాళ్లను ఇద్దరమూ మావాళ్లే అనుకుందాం.

ఒక్క భయం మాత్రం సరైనది. బలమైన అకాడమీ జట్లు వచ్చి మన పల్లె బడి జట్లను పది గోల్స్ తేడాతో ఓడిస్తే పిల్లల మనసు విరుగుతుంది. దానికి మందు గేటు మూయడం కాదు, అకాడమీలకు వేరే విభాగం పెట్టడం. హాకీ ఇండియా 2021 నుంచి అకాడమీలకు ప్రత్యేకంగా జాతీయ పోటీలు నడుపుతున్నది ఇందుకే. విజయవాడ అకాడమీ అయినా, హైదరాబాద్ అకాడమీ అయినా అందులో ఆడాలి. బడి జట్టు, ఏ రాష్ట్రానిదైనా, బడి జట్లతో ఆడాలి. జట్టు జాబితా మొదటి రోజే ఇవ్వాలి, మధ్యలో మార్పులు ఉండకూడదు. పుట్టిన తేదీకి బడి రిజిస్టరు నకలు, జనన ధ్రువపత్రం రెండూ చూడాలి. తేడా వస్తే ఆ జట్టును, అది సొంత ఊరిదే అయినా, పంపించెయ్యాలి.

క్లబ్బులవాళ్లకు, పూర్వవిద్యార్థుల సంఘాలకు, పీఈటీ మాస్టార్లకు నా మనవి ఇదీ. రాబోయే సెలవుల టోర్నీకి నియమాలు రాసేటప్పుడు "ఆంధ్రప్రదేశ్ జట్లకు మాత్రమే" అనే వాక్యం కొట్టేయండి. ఆహ్వానం మధిరకు, ఖమ్మానికి, కోదాడకు, భద్రాచలానికి పంపండి. వచ్చిన పిల్లలకు బడి గదుల్లో పడక, పూటకింత భోజనం ఏర్పాటు చేయండి. వచ్చే ఏడాది మన పిల్లలను వాళ్ల ఊరికి తీసుకెళ్లే బస్సు చార్జీలకు చందా అడిగితే, మొదటి చందా నాది.